ఎర్ర రిబ్బన్ల విమానం

తిప్పన వారింట్లో తెలివి తరతరాలుగా వస్తోంది. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. విశాఖపట్నంలో రేవుకి పోయే దారిలో వాళ్ళ బొమ్మల కొట్టు ఉంది. కొట్టు మీద "చెప్పింది చెప్పినట్టే చేస్తాం" అని బోర్డు రాయించుకున్నారు. అది బెదిరింపని ఎవరికీ తోచలేదు.

కొట్టులో ఉండేది ముగ్గురు. పెద్దవాడు భూలోకయ్య, అంకుడు కర్రతో బొమ్మలు చెక్కుతాడు. తమ్ముడు అసిరినాయుడు రంగులు వేస్తాడు. భూలోకయ్య పెళ్ళాం సన్యాసమ్మ ఆలోచిస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఆ పని చెయ్యాలి కదా అని ఆవిడకి అప్పగించారు. ఆవిడ ఆలోచించినప్పుడల్లా ఏదో ఒకటి పాడయ్యేది.

ఒకసారి ఒకాయన లక్క చిలకని పట్టుకొచ్చి, "సరిగ్గా ఇలాంటిదే ఇంకోటి కావాలి" అన్నాడు. ఆ చిలకకి ముక్కు విరిగి ఉంది. అంతే! చక్కటి చిలకని చేసి, సుత్తి పెట్టి ముక్కు విరగ్గొట్టి ఇచ్చారు. ఆయన తిట్టిపోసి వెళ్ళిపోయాడు. "మన పనితనం చూసి ఓర్చుకోలేకపోయాడు పాపం" అని ముగ్గురూ జాలిపడ్డారు.

అలాంటి కొట్టుకి దాలినాయుడు గారు వచ్చారు. ఆయన ఖర్మ, ఇంకేం చెప్పను! డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు నేవీలో, విమానాలని మోసే ఓడ మీద పనిచేశారు. జెట్ విమానాల రెక్కల కింద బాంబులూ మిసైళ్ళూ తగిలించడం ఆయన ఉద్యోగం.

"ఒక రోజు ఓడ మీద మా కమాండర్ గారి విమానానికి ఆరు తగిలించాను. నాలుగు బాంబులు, రెండు మిసైళ్ళు. నాతో పనిచేసిన పోలారావు మాత్రం నాలుగే అంటాడు. నలభై ఏళ్ళుగా మా ఓడ వాళ్ళందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చేస్తన్నాడు. వచ్చే ఆదివారం కమాండర్ గారు వస్తన్నారు. ఆయనకి మరుపొచ్చేసింది. విమానం ఉన్నదున్నట్టు కళ్ళ ముందు పెడితే గుర్తొస్తాదని నా ఆశ. నేను పోయేలోపు ఆయన నోటి వెంట 'ఆరు' అన్న మాట వినాలర్రా" అన్నారు.

చెబుతుంటే ఆయన గొంతు వణికింది. భూలోకయ్య కూడా వణికించాడు, మర్యాద అనుకుని.

"ఎంత సైజు చెయ్యమంటారు బాబుగారూ?"

"నలభై ఎనిమిదో వంతు. విమానం ఒక్కటే కాదు, దాని మీదున్నవన్నీ నలభై ఎనిమిదో వంతే. తెలిసిందా?"

"మాకు తెలీకపోవడమేటండీ!" అన్నారు ముగ్గురూ.

ఇంకేముంది! ఆయన వీధి మలుపు తిరగకముందే సన్యాసమ్మ ఆలోచించింది. "బాంబులు నాలుగు గదా. నాలుగులో నలభై ఎనిమిదో వంతెంత?"

అసిరినాయుడు తన వేళ్ళు లెక్కపెట్టాడు, చాలక అన్న వేళ్ళు తీసుకున్నాడు. "ఒక బాంబుని పన్నెండు ముక్కలు చేసి, ఒక ముక్క తగిలించాలి వదినా."

"మరి మిసైళ్ళో?"

"ఇరవై నాలుగు ముక్కల్లో ఒక ముక్క."

"పైలటో?"

దానికి అందరూ ఆగారు. పైలట్ ఒక్కడే. నలభై ఎనిమిది ముక్కల్లో ఏ ముక్క పెట్టాలి? భూలోకయ్య చెయ్యి పెడదామన్నాడు, చెయ్యి లేకుండా ఎలా నడుపుతాడని. అసిరినాయుడు పిర్ర పెడదామన్నాడు, సీటు ఉన్నది దానికే కదా అని. వంట చల్లారేదాకా కొట్టుకున్నారు.

"మీసం పెట్టండయ్యా. మీసం ఉంటే మనిషున్నట్టే" అని సన్యాసమ్మ తీర్పు చెప్పింది.

మూడో నాడు దాలినాయుడు గారు వచ్చి చూశారు. జానెడున్నర విమానం, తళతళలాడుతోంది. పొగడబోయి రెక్క కిందికి వంగారు. అక్కడ కందిగింజంత ముక్క ఒకటి, దాని పక్కన నువ్వుగింజంత ముక్క ఇంకోటి అంటించి ఉన్నాయి.

"ఇదేట్రా?"

"బాంబులండి."

"ఏ బాంబు?"

"అన్నీనండి."

"సీట్లో ఆ చీమేటి?"

"చీమ కాదు బాబుగారూ, కమాండర్ గారి మీసం" అంది సన్యాసమ్మ గర్వంగా.

ఆయన తల పట్టుకున్నారు. "సైజు తగ్గాల్రా వెర్రివాళ్ళారా, లెక్క తగ్గకూడదు! లెక్క అసలుదే ఉండాలి!" అని అరిచి, జేబులోంచి పాత ఫోటో తీసి ఇచ్చారు. "ఆ రోజు తీసింది. ఇందులో ఎలగుందో అలగే చెయ్యండి. మీ బుర్రలు మాత్రం వాడకండి."

ఆ చివరి మాట వాళ్ళకి చాలా హాయిగా తోచింది. బుర్రలు పక్కన పెట్టి ఫోటో ముందు కూర్చున్నారు.

ఫోటోలో రంగుల్లేవు, విమానానికి నలుపూ తెలుపూ పూశారు. ఫోటో కాస్త మసకగా ఉంది, తడిగుడ్డతో రుద్ది మసక చేశారు. ఫోటో అంచు దగ్గర విమానం తోక తెగింది, రంపం తెచ్చి తోక కోసేశారు. తీసినవాడి బొటనవేలు ఓ మూల అడ్డం పడింది, చక్కటి బొటనవేలు చెక్కి విమానం ముక్కుకి అంటించారు. దానికి గోరు కూడా పెట్టారండోయ్!

అది చూసి దాలినాయుడు గారు విమానాన్ని తిరగేసి రెక్కల కింద వెతికారు. చివరికి అన్నింటినీ వదిలేసి అసలైనదే అడిగారు. "ఎడమ రెక్క కింద మూడు ఉండాలి. ఏవి?"

"ఫోటోలో లేవండి. ఎవడో వెధవ అడ్డంగా వంగి నిలబడ్డాడు" అన్నాడు అసిరినాయుడు.

"ఆ వెధవని నేనేరా! తగిలిస్తన్నది నేను! నేను అడ్డం తప్పుకుంటే వెనకాల మూడూ కనిపిస్తాయి!"

"మరి తప్పుకోండి బాబుగారూ."

వెలుతురికి అడ్డం వచ్చారేమోననుకుని ఆయన గుమ్మంలోంచి పక్కకి జరిగారు. ముగ్గురూ ఫోటో మీదికి వంగి చూశారు.

"ఇంకా అక్కడే ఉన్నారండి" అన్నాడు భూలోకయ్య. "ఇంకొంచెం జరగండి."

ఇక లాభం లేదని ఆయనకి అర్థమైంది. మర్నాటి నుంచి పొద్దున్నే వచ్చి, కొట్టులో స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కో ముక్క దగ్గరుండి చేయించారు. ఒప్పుకోక తప్పదు, ఆ దద్దమ్మల చేతుల్లో పని ఉంది. తోక వచ్చింది, సముద్రపు బూడిదరంగు వచ్చింది, నాలుగు బాంబులూ రెండు మిసైళ్ళూ వాటి వాటి చోట్ల కుదిరాయి. సీట్లో నిండు మనిషి కూర్చున్నాడు.

"ఇంకొక్కటే మిగిలింది" అన్నారాయన. "ప్రతి బాంబుకీ ఒక పిన్ను ఉంటాది. అదున్నంతసేపూ బాంబు ఊడదు, పేలదు. పిన్నుకి ఎర్ర రిబ్బను, దాని మీద 'ఎగిరే ముందు తీసేయాలి' అని రాసుంటాది. మిసైళ్ళకీ అంతే. పైలట్ సీటుకీ ఒకటి. మొత్తం ఏడు. ఎగిరే ముందు అవన్నీ లాగేసి, గుప్పిట్లో పట్టుకుని, ఇలాగ పైకెత్తి కమాండర్ గారికి చూపించేవాణ్ణి. ఆయన లెక్కపెట్టుకుని తలూపేవారు. అప్పుడుగానీ విమానం కదిలేది కాదు. ఆ రోజు వెళ్ళి, సరిగ్గా గంటన్నరకి తిరిగొచ్చారు."

ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. సన్యాసమ్మ ఎర్రచీర అంచు చింపి ఏడు పోగులు తీసింది. పిన్నులు అంత చిన్నవి చెయ్యడం కుదరక పోగుల్ని బాంబులకీ మిసైళ్ళకీ సీటుకీ నేరుగా అంటించారు. ఒంటి వెంట్రుక కుంచెతో అసిరినాయుడు ఒక్కోదాని మీదా 'ఎగిరే ముందు తీసేయాలి' అని రాశాడు. అది చూసి పెద్దాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

ఆదివారం వచ్చింది. సముద్రం ఒడ్డున మేడ మీద హాలు, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పాతికమంది ముసలివాళ్ళు చేరారు. కమాండర్ గారిని చక్రాల కుర్చీలో తెచ్చారు. ఎవరు ఏమడిగినా ఆయన "భోజనం అయిందా?" అంటున్నారు. బల్ల మీద విమానం, పైన గుడ్డ కప్పి ఉంది. పక్కన మన ముగ్గురూ ఇస్త్రీ బట్టల్లో నిలబడ్డారు.

పోలారావు మీసం దువ్వుకుంటూ, "ఏదీ, ఎగరడానికి సిద్ధమేనా నాయుడి విమానం?" అన్నాడు వెటకారంగా.

అంతే! సన్యాసమ్మ మొగుడి భుజం పట్టి కుదిపింది. "ఏటయ్యా, ఎగురుతాదంట! రాసింది గుర్తులేదా? తియ్యండి, తియ్యండి!"

భూలోకయ్య గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చాడు. టపటపా ఆరూ పీకేశాడు. సీటుకీ రిబ్బను ఉంది కదా, పైలట్‌ని సీటుతో సహా పెరికేశాడు. అప్పుడే దాలినాయుడు గారు గుడ్డ లాగారు.

బోడి రెక్కల విమానం!

"నాలుగన్నా కాదు, అసలేమీ లేవే!" అని పోలారావు పగలబడి నవ్వాడు. హాలంతా నవ్వింది. దాలినాయుడు గారు రెక్కల కింద తడిమారు. "ఏవిరా... నా ఆరూ ఏవిరా?"

"తీసేశామండి!" అని భూలోకయ్య గుప్పిట పైకెత్తి చూపించాడు. వేళ్ళ సందుల్లోంచి ఏడు ఎర్ర రిబ్బన్లు గాలికి ఊగాయి.

చక్రాల కుర్చీలో కమాండర్ గారు ఆ గుప్పిట వైపు చూశారు. ఆయన వెన్ను నిటారైంది. పెదాలు కదిలాయి. "ఒకటి... రెండు... మూడు..." హాల్లో నవ్వులు ఆగిపోయాయి. "ఆరు. సీటుది ఒకటి. ఆరూ సరిగ్గా ఉన్నాయి నాయుడూ" అని, ఆ రోజు ఊపినట్టే తల ఊపారు.

దాలినాయుడు గారు సెల్యూట్ చేసి, అలాగే ఏడ్చేశారు. పోలారావు తలకాయ వంచుకున్నాడు. నలభై ఏళ్ళ నింద అక్కడితో పోయింది. ఈ ముగ్గురూ అక్కడితో ఆగి ఉంటే వీళ్ళ కథ నేను చెప్పే పనే ఉండేది కాదు.

"తలూపారు అన్నియ్యా!" అని అరిచాడు అసిరినాయుడు. ఇంకేముంది! విమానాన్ని రెండు చేతులా ఎత్తి, కిటికీ దగ్గరికి పరిగెత్తి, "పో!" అని విసిరాడు. దాలినాయుడు గారు "ఒరేయ్" అనేలోపు అది ప్రహరీ దాటి, ఇసక దాటి, అలల్లో పడి మునిగింది.

ముగ్గురూ మెట్లు దిగి ఒడ్డుకి పరిగెత్తారు. విమానం తిరిగొచ్చాక అవన్నీ మళ్ళీ తగిలించాలి కదా! పై నుంచి పెద్దాయన తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. "మెచ్చుకుంటన్నారు" అంది సన్యాసమ్మ.

"గంటన్నరలో నలభై ఎనిమిదో వంతు వదినా. రెండు నిమిషాల్లో వచ్చేస్తాది" అన్నాడు అసిరినాయుడు.

"నీకు బుద్ధి లేదు మరిదీ. సైజు తగ్గాలి, లెక్క తగ్గకూడదని బాబుగారు చెప్పలేదూ? గంటన్నర కూర్చుందాం."

గంటన్నర కూర్చున్నారు. ఎండ మాడ్చేసింది. విమానం రాలేదు. సన్యాసమ్మ చీర దులుపుకుని లేచి ఆలోచించింది. "అయ్యో రాత! పైలట్ మన దగ్గరే ఉండిపోయాడు గదా, అదెలాగొస్తాది?"

"అవును సుమీ!" అన్నాడు భూలోకయ్య. గుప్పిట విప్పి, సీటుతో సహా పైలట్‌ని ఏరి, బలంకొద్దీ సముద్రంలోకి విసిరి, "వెళ్ళండి బాబూ, వెళ్ళి తోలుకొచ్చేయండి" అని దండం పెట్టాడు.