మడత నలగని మూడు గుడ్డలు

ఏ రాజు ఏలుబడో, ఏ కాలమో చెప్పేవాళ్లు లేరు గానీ, ఏటి ఒడ్డున నీలకోట అని ఓ ఊరుండేదట. ఆ ఊళ్లో అంకమ్మ అని ఓ చాకలామె ఉండేదట.

కోటలో తాళపత్రాల గది ఉంది. ప్రతి పుస్తకాన్నీ ఓ ఎర్రగుడ్డలో చుట్టి ఉంచేవారు. ఏడాదికోసారి దసరా ముందు ఆ గుడ్డలన్నీ అంకమ్మ రేవుకు వచ్చేవి. అంకమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా గుడ్డ చూస్తే పుస్తకం సంగతి తెలిసిపోయేది. ఒకదానికి నశ్యం మరక. ఒకదానికి నెయ్యి వేళ్లు. ఒకదాని మీద ఎవరో ఏడ్చిన చార.

మూడు గుడ్డలు మాత్రం వెళ్లినవి వెళ్లినట్టే వచ్చేవి. మడత కూడా నలిగేది కాదు.

మొదటి ఏడు అడిగింది. "అయ్యగారూ, ఆ మూడింట్లో ఏముంది?"

గది చూసుకునే పేరిశాస్త్రి గారు, "నీకెందుకే అంకీ" అన్నారు.

రెండో ఏడు అడిగింది. "నీకెందుకే అంకీ" అన్నారు.

మూడో ఏడు ఆయనే ఆమెను పిలిపించారు. "కొత్త పుస్తకాలొస్తున్నాయి, చోటు లేదు. ఎవరూ చదవనివి ఏట్లో కలపమని రాజుగారి ఆజ్ఞ. అవేవో నీకే తెలుసు. చూపించు."

అంకమ్మ చూపించింది. వేలెత్తాక గాని తనేం చేసిందో ఆమెకు తట్టలేదు.

"రేవుకు ఎలాగూ వెళ్తావు. నువ్వే కలిపెయ్యి" అన్నారాయన.

మూడు మూటలూ గాడిద మీద వేసుకుని రేవుకు వెళ్లింది. నీళ్లలో మోకాలి దాకా దిగింది. చెయ్యి రాలేదు. ఒక మూట విప్పింది. ఆకులన్నీ వట్టిగా ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు. తిరిగి కోటకు నడిచింది.

"అయ్యగారూ, ఇందులో ఏముందో ఒక్క మాట చెప్పండి. విని పడేస్తాను."

శాస్త్రిగారు ఓ ఆకు ముఖం దగ్గర పెట్టుకున్నారు. "ఏదో దేవుడి స్తోత్రంలే. అందరికీ తెలిసిందే" అన్నారు.

"ఆ ఆకు మీద ఏమీ లేదయ్యా" అంది అంకమ్మ మెల్లగా.

ఆయన ఆకును ఒళ్లోకి దించుకున్నారు.

"చూపు పోయి ఎన్నాళ్లయిందయ్యా?" అని అడిగింది.

"మూడేళ్లు. కోటలో తెలిస్తే నన్నిక ఈ గదిలో ఉండనివ్వరు." ఆయన వేళ్లు ఆకును తడుముతున్నాయి. ఉన్నట్టుండి ఆగాయి. "అంకీ, దీని మీద గీతలున్నాయే. గంటంతో అక్షరాలు గీసి, కంటికి కనబడేలా మసి పూయకుండా వదిలేశారు. అంటే రాసినవాడు తప్ప ఇంకెవరూ దీన్ని చదవలేదు."

అంకమ్మ వెళ్లి, బట్టలు ఉడకేసే బాన అడుగు మసి గీరి తెచ్చింది. గుడ్డతో ఆకు మీద రుద్దింది. అక్షరాలు చీమల బారులా లేచి వచ్చాయి.

"చూడటం నా వంతు. చెప్పడం మీ వంతు" అంది.

మర్నాటి నుంచి శాస్త్రిగారు స్నానం వంకతో రేవుకు వచ్చేవారు. రాతి మీద కూర్చునేవారు. అంకమ్మ ఆకు పట్టుకునేది.

"గొడుగు విప్పినట్టుంది. నెత్తిన చిన్న కొంకి."

"గ."

"పక్కన గింజంత కుండ. మూత లేదు."

"సున్నా. గం."

పొద్దు వాలేసరికి ఒక్క మాట దొరికింది. గంధగజం.

మొదటి పుస్తకం నిండా ఎప్పటివో ఏనుగుల పేర్లు. శాస్త్రిగారు విసుక్కున్నారు. "పోనీండయ్యా, ఏముందో తెలిసింది కదా" అంది అంకమ్మ. రెండో పుస్తకంలో వానలకు నలభై పేర్లున్నాయి. రేవుకొచ్చే ముసలమ్మలు కొన్నిటిని గుర్తుపట్టి నవ్వుకున్నారు. మూడోది, తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ ఊరూరూ తిరిగిన ఓ కుమ్మరి ఇల్లాలి కథ. అది మొదలయ్యేసరికి అంకమ్మకు అక్షరాలు వాటంతటవే పలికేవి. రేవులో చాకళ్లందరూ పని ఆపి చుట్టూ కూర్చునేవారు.

కోటలో బట్టలు మాసిపోయాయి. మూడు రోజులు చూసి రాజుగారే రేవుకు వచ్చారు. శాస్త్రిగారు లేచి నిలబడి, తన చూపు సంగతీ, ఏట్లో కలపని మూటల సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేశారు.

"తప్పు నాది దొరా. పడేయమని నాకిచ్చారు" అంది అంకమ్మ.

రాజుగారు ఆమె చేతిలోని ఆకు చూశారు. "అది ఏమిటి?"

అంకమ్మ చదివింది. ఇల్లాలు మూడో ఊరు దాటింది, నాలుగో ఊళ్లో గేదె మెడగంట వినబడింది. అక్కడ ఆకు అయిపోయింది.

"తరవాత?" అన్నారు రాజుగారు. మాసిన బట్టలతోనే బట్టలుతికే రాతి మీద కూర్చున్నారు.

ఆ మూడు పుస్తకాలూ మళ్లీ గదికి చేరాయి. శాస్త్రిగారు బతికినన్నాళ్లూ ఆ గదిలోనే ఉన్నారు. ఆయన పక్కన అంకమ్మకూ ఓ పీట వేశారు. ఎవరూ విప్పని మూట ఏదైనా కనబడితే ముందు దాన్నే విప్పేవాళ్లు. కొన్ని బాగుండేవి, కొన్ని ఉండేవి కావు.

ఆమె పోయి ఎన్ని తరాలైందో తెలియదు. నీలకోటలో ఇప్పటికీ పుస్తకం ఎంచుకునేవాళ్లు అన్నిటికన్నా శుభ్రంగా ఉన్న గుడ్డ కోసం వెతుకుతారట. దాన్ని అంకమ్మ మూట అంటారట. చదవడం అయ్యాక మసిలో వేలు అద్ది ఆ గుడ్డ మీద ఓ ముద్ర వేస్తారట. ఆ ఊరి చాకళ్లు ఏ మరకనైనా వదలగొడతారు గానీ, ఆ ముద్ర మీద మాత్రం నీళ్లు పడనివ్వరట.