గుట్ట వెనక ఆసుపత్రి

నల్లగుట్ట దిగువన జంతువుల హైస్కూలు ఉంది. ఆ ఏడు అందులో కొత్త కోర్సు పెట్టారు. దాని పేరు "భద్రత, అత్యవసర సేవలు". తొమ్మిదో తరగతిలో చేరితే పది అయ్యేసరికి పిల్లలు దొంగల్ని పట్టుకోవడం, మంటలార్పడం, గాయపడినవాళ్ళని కాపాడడం నేర్చేసుకుంటారు. చేరిన రోజే ఖాకీ టోపీ ఇస్తారు. టోపీ చూసి సగంమంది తల్లిదండ్రులు అక్కడికక్కడే సంతకం పెట్టారు. మిగతా సగం టోపీలు అయిపోయాయని గొడవ పెట్టారు.

అంతకుముందు ఈ పని కుక్క వీరాస్వామి చూసేవాడు. ఆయనకి సిలబస్ అంటూ లేదు. "కొత్తవాడు కనబడితే అరవండి. పరిగెత్తండి. ఆగి మళ్ళీ అరవండి" అనేవాడు. ఈ మాత్రానికి కోర్సు ఎందుకని ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆయన స్థానానికి నక్క జంబుకేశ్వర్రావుగారు దరఖాస్తు పెట్టుకున్నారు.

హెడ్మాస్టరు ఎద్దు గంగరాజుగారు మహా ఓర్పుగలవారు. ఏం చెప్పినా నెమరేసి గానీ జవాబివ్వరు.

"మీ అనుభవం?" అన్నారు.

"దొంగతనాల్లో ఎనిమిదేళ్ళండి. ఈ చుట్టుపక్కల ప్రతి కోళ్ళగూడూ లోపల్నించి చూశాను."

"పట్టుకునే వైపా, చేసే వైపా?"

"ఎటైతేనేం సార్? సబ్జెక్టు ఒకటే కదా."

గంగరాజుగారు కాసేపు నెమరేశారు. "అదీ నిజమే," అన్నారు. ఉద్యోగం ఖాయమైపోయింది.

గిన్నికోడి నాంచారమ్మ మాత్రం ఒప్పుకోలేదు. గిన్నికోళ్ళ సంగతి తెలిసిందే. ఒళ్ళంతా తెల్లచుక్కలు, గొంతు నిండా కేకలు. పాము కనబడినా, పోస్టుమాన్ కనబడినా, గాలికి గోనెపట్టా కదిలినా నాంచారమ్మ అరుస్తుంది. రోజూ అరిచేదాని మాట ఎవరు వింటారు? ఆమె కూతురు లోహితే వినదు.

"అమ్మా, నక్క అని అనకు. సార్ అను."

"వాడు నీ ముత్తమ్మమ్మని తిన్నాడే."

"అది పాత రికార్డు. ఆయన మారిపోయారట. ప్రేయర్లో చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే."

పిల్ల టోపీ పెట్టుకుని అద్దంలాంటి నీళ్ళల్లో మూడుసార్లు చూసుకుంది. ఆ మొహం చూసి ఏ తల్లి కాదంటుంది? నాంచారమ్మ సంతకం పెట్టింది.

వారం తిరక్కుండా పిల్లలో మార్పు వచ్చింది. గూటి మీదుగా గద్ద పోయింది. లోహిత తలెత్తి చూసింది. నోరు తెరిచింది. మూసుకుంది.

"అరవవేమే?" అంది తల్లి.

"మొదటి పాఠం అమ్మా. ప్రమాదం కనబడితే అరవకూడదు. అరిస్తే జనం కంగారుపడతారు. ఇన్‌ఛార్జికి మెల్లిగా చెప్పాలి."

"ఇన్‌ఛార్జి ఎవరు?"

"సారే."

నాంచారమ్మ నోట్సు తియ్యమంది. పిల్ల దస్తూరీ ముత్యాల్లా ఉంది. రెండో పాఠం: గాయపడినవాళ్ళు "నాకేం కాలేదు, వదలండి" అంటారు, నమ్మకూడదు, అది షాక్, ఎంత అరిస్తే అంత బిగించి కట్టాలి. మూడో పాఠం: నాలుక కొరుక్కోకుండా ముందు నోరు కట్టాలి. నాలుగో పాఠం: కట్టినవాళ్ళని స్ట్రెచర్ మీద గుట్ట వెనక ఆసుపత్రిలో దింపి, వెనక్కి చూడకుండా రావాలి. అయిదో పాఠం: నోట్లోంచి నీరు కారుతుంటే అది చాలా తీవ్రమైన కేసు, అందరికంటే ముందు అతన్నే తీసుకెళ్ళాలి.

"గుట్ట వెనక ఆసుపత్రి ఎప్పుడు కట్టారే?"

"నాకేం తెలుసు? వెనక్కి చూడకూడదు కదా."

ఈ కోర్సులో మొదట వెలిగింది కోడిపెట్ట సునంద. ప్రాక్టికల్సులో గాయపడినదానిలా పడుకుంది. కట్టారు. మోసుకెళ్ళారు. సాయంత్రం జంబుకేశ్వర్రావుగారు ఇంటికొచ్చి, పిల్ల నటన చూసి పైవాళ్ళు ముచ్చటపడ్డారనీ, ప్రత్యేక శిక్షణకి హెడ్డాఫీసుకి తీసుకెళ్ళారనీ చెప్పారు. శిక్షణలో ఉండగా ఉత్తరాలు రాయనివ్వరట.

సునంద తల్లి సీతారత్నం ఆ రోజునించి నేలమీద నడవడం మానేసింది.

"మా అమ్మాయి హెడ్డాఫీసులో ఉందొదినా," అంది ఎదురొచ్చి మరీ. "మీ లోహిత ఇంకా ఇక్కడే ఉందా?"

"ఇక్కడే ఉంది."

"పోన్లే. అందరికీ రావద్దూ? అమ్మ గొంతొస్తే మరీ కష్టం."

లోహిత ఆ మాట విన్నది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

పదిహేను రోజులకి మాక్ డ్రిల్ అన్నారు. ముఖ్య అతిథిగా నెమలిగారు వస్తున్నారు. పురి విప్పడం తప్ప ఆయన చేసేది ఏమీ లేకపోవడంవల్ల ప్రతి సభకీ ఆయన్నే పిలుస్తారు. నిప్పంటుకున్నట్టు, లోపల ఒక పిల్ల చిక్కుకున్నట్టు, మిగతా పిల్లలు కాపాడినట్టు చూపించాలి.

"చిక్కుకునే పిల్ల నేనే," అంది లోహిత ఎగురుతూ. "సార్ స్వయంగా ఎంచుకున్నారు! ఒళ్ళు కూడా తడిమి చూశారు, బరువు సరిపోతుందో లేదోనని. స్ట్రెచర్‌కి."

నాంచారమ్మ నోట్సు మళ్ళీ తీసి నాలుగో పాఠం చదివింది.

డ్రిల్ రోజు పొద్దున్నే పిల్లని బడికి పంపి ఆమె గుట్ట వెనక్కి వెళ్ళింది. ఆసుపత్రి లేదు. బోర్డు ఉంది. బోర్డు కింద ఒక బొరియ ఉంది. బొరియ ముందు నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. ముళ్ళపొదకి మాత్రం ఒక ఈక తగులుకుని ఉంది. రాగిరంగు ఈక, చివర నల్లగా.

ఈ ఊళ్ళో ఆ రంగు కోడిపెట్ట ఒక్కతే.

నాంచారమ్మ ఈకని ముక్కున కరుచుకుని పరిగెత్తింది. గిన్నికోళ్ళు ఎగరగలవు గానీ ఆ సంగతి ఆమెకి దారి సగమైతే గానీ గుర్తురాలేదు.

మైదానానికి చేరేసరికి కార్యక్రమం మంచి రసపట్టులో ఉంది. తడిగడ్డి పొగ లేస్తోంది. నెమలిగారు పురి విప్పి కూర్చున్నారు. తల్లిదండ్రులు చప్పట్లు కొడుతున్నారు. ప్రథమచికిత్స విభాగం కోతిపిల్లలు లోహితని నోటినించి కాళ్ళదాకా చుట్టి స్ట్రెచర్ మీద పెట్టారు. గాడిదపిల్లలు రెండు స్ట్రెచర్ ఎత్తడానికి సిద్ధంగా ఉన్నాయి. జంబుకేశ్వర్రావుగారు పక్కనే నిలబడి స్ట్రెచర్ వంకే చూస్తున్నారు. మైకులో గంగరాజుగారు "క్రమశిక్షణ" అనే మాట నాలుగోసారి అంటున్నారు.

నాంచారమ్మ ఈకని సీతారత్నం కంటబడకుండా కాలికింద దాచి అరిచింది. ఆమె బతుకంతా అరిచిన అరుపులన్నీ కలిపినా అంత ఉండవు.

"ఆపండి! వాడు తింటాడు! నా పిల్లని తింటాడు!"

ఎవరూ కంగారుపడలేదు. అంత బాగా నేర్పారు.

"మళ్ళీ మొదలెట్టింది," అంది సీతారత్నం ముందు వరసలోంచి. "ముఖ్య అతిథిగారి ముందు పరువు తీస్తున్నావు. కూర్చో వదినా."

"అమ్మా, నియమం ప్రకారం ఫిర్యాదులు ఇన్‌ఛార్జిగారికి ఇవ్వాలి," అన్నారు గంగరాజుగారు మైకులో.

ఇన్‌ఛార్జిగారు చాలా దయగా నవ్వారు. "షాక్," అన్నారు. "పిల్లలూ, చూశారుగా? అరుస్తోంది. రెండో పాఠం ఏం చెబుతోంది?"

"బిగించి కట్టాలి సార్!" అన్నాయి కోతిపిల్లలు. కట్టుగుడ్డలు తీసుకుని నాంచారమ్మ వైపు వచ్చాయి. ఇన్నాళ్ళుగా నేర్చుకున్నది ఒక్క పిల్లమీద ఏం తీరుతుంది? వాటి కళ్ళు మెరుస్తున్నాయి.

"నాకేం కాలేదు, వదలండిరా!" అంది నాంచారమ్మ.

"విన్నావా? అచ్చం నోట్సులో ఉన్నట్టే అంటోంది!" అంది ఒక కోతిపిల్ల మురిసిపోతూ. దాని పేరు దశరథం. క్లాసు లీడరు. కట్టు ఒక కాలికి పడింది.

నాంచారమ్మ అరవడం ఆపేసింది.

జీవితంలో మొదటిసారి, అరవాల్సిన చోట ఆమె నోరు మూసుకుని చూసింది. పొగలోంచి జంబుకేశ్వర్రావుగారి మొహం కనబడింది. చూపు స్ట్రెచర్ మీద ఉంది. మూతి పక్కనించి సన్నగా, తీగలా, నీరు కారుతోంది.

"దశరథం," అంది మెల్లిగా. "అయిదో పాఠం ఏమిటి నాయనా?"

"నోట్లోంచి నీరు కారితే తీవ్రమైన కేసు."

"మరి నన్నెందుకు కడుతున్నావు? నా నోరు ఎండిపోయి ఉంది. అటు చూడు."

దశరథం చూసింది. కోతిపిల్లలన్నీ చూశాయి.

"అయ్యో! సార్‌కి!"

"నాకా?" జంబుకేశ్వర్రావుగారు మూతి తుడుచుకున్నారు. అది మళ్ళీ కారింది. స్ట్రెచర్ అంత దగ్గరలో ఉంటే అది ఆగేది కాదు. "నాకేం కాలేదర్రా."

"సార్ అదే అన్నారు!"

"వదలండి!"

"అది కూడా అన్నారు!"

పద్నాలుగు కోతిపిల్లలు ఒక్కసారి మీదపడ్డాయి. మూడో పాఠం ప్రకారం ముందు నోరు కట్టాయి. తర్వాత కాళ్ళు, తోక. ఆయన ఎంత గింజుకుంటే అంత బిగించాయి. ఒక్క ముడి కూడా తప్పు వెయ్యలేదు. అంత శ్రద్ధగల విద్యార్థులు ఏ గురువుకి దొరుకుతారు?

"భలే!" అన్నారు నెమలిగారు. "గురువే రోగిగా మారి చూపించడం ఎక్కడా చూడలేదు. ఎంత సహజంగా కొట్టుకుంటున్నారో!"

"అంకితభావం," అన్నారు గంగరాజుగారు మైకులో.

స్ట్రెచర్ ఒకటే ఉంది. తీవ్రమైన కేసు ముందు. గాడిదపిల్లలు లోహితని కిందకి దొర్లించి సార్‌ని ఎక్కించాయి.

"గుట్ట వెనక ఆసుపత్రికేనాండీ?" అంది పెద్దది.

"అక్కడ డాక్టర్ ఇప్పుడే వెళ్ళిపోయాడు," అంది నాంచారమ్మ. "గేటు దగ్గర వీరాస్వామిగారు ఉన్నారు. ఆయనకి అప్పజెప్పండి."

"వెనక్కి చూడకూడదు కదండీ?"

"అసలు చూడొద్దు నాయనా."

స్ట్రెచర్ కదిలింది. దాని మీంచి ఏదో మూలుగు వినబడింది. అది షాక్ అని అందరికీ తెలుసు. గేటు దగ్గర వీరాస్వామి కేసుని చేర్చుకున్నాడు. డిశ్చార్జి మాత్రం చెయ్యలేదు.

ఇటు నాంచారమ్మ ఈకని కాలివేళ్ళతో పట్టుకునే కూతురి దగ్గరికొచ్చి కట్లు విప్పుతోంది. ముడి ముక్కుకి దొరకడంలేదు. చాలాసేపు పట్టింది. పిల్లలు బాగానే నేర్చుకున్నారు.

నోటికట్టు ఊడగానే లోహిత అన్న మొదటి మాట, "అమ్మా, ఏం పని ఇది! నా ప్రాక్టికల్ మార్కులు పోయాయి."

తల్లి కాలు పక్కకి తీసింది. కింద ఈక ఉంది.

లోహిత చూసింది. రెండేళ్ళు ఆ ఈక పక్క బెంచీలో కూర్చుంది.

చప్పట్లు ఇంకా మోగుతున్నాయి. ముందు వరసలో సీతారత్నం మెడ చాచి, "హెడ్డాఫీసువాళ్ళు ఎవరైనా వచ్చారా? మా సునందని అడగాలి," అంటోంది. అంటూ అంటూ ఇటు తిరిగింది. నేలమీద ఉన్నది చూసింది.

"అదేంటొదినా?" అంది. "ఎక్కడిదది?"

పోస్టుమాన్‌ని చూసి అరిచే నోరు నాంచారమ్మది. గోనెపట్టా కదిలితే అరిచే నోరు. ఆ ఒక్క మాటకి ఆ నోరు పెగల్లేదు. వెళ్ళి సీతారత్నం పక్కన, రెక్కకి రెక్క ఆనించి నిలబడింది.

అప్పుడు లోహిత అరిచింది. అచ్చం తల్లి గొంతు. నెమలిగారి పురి ముడుచుకుపోయింది. చప్పట్లు ఆగాయి. గంగరాజుగారి చేతిలో మైకు కిందపడింది. మైదానమంతా కంగారుపడింది. ఆ కంగారుకి అప్పటికే పదిహేను రోజులు ఆలస్యమైంది.

తర్వాత కమిటీ వేశారు. కమిటీ నెమరేసింది. టోపీలు వెనక్కి తీసుకున్నారు. కోర్సు మాత్రం ఉంచారు, పిల్లలకి అది కావలసిందేనని. ఇప్పుడు పొద్దున్నే వీరాస్వామి గేటు దగ్గర అరుగు మీద నిలబడి మొదటి పాఠం చెబుతాడు. పిల్లలందరూ ఒకేసారి అరుస్తారు. చెవులు చిల్లులు పడతాయి. ఊళ్ళో ఒక్క తల్లి కూడా ఫిర్యాదు చెయ్యలేదు.

అరవొద్దని మీ పిల్లకి ఎవరు నేర్పినా సరే, ముందు వాళ్ళ మూతి తడిగా ఉందేమో చూడండి.