వంకరపోని చక్రం

ఒక ఊళ్ళో జ్వరం పాకింది. మందు అవతలి ఒడ్డున ఉంది. మధ్యలో ఉప్పునీళ్ళ సరస్సు ఉంది.

సరస్సులో పడవలు నడవవు. నీళ్ళు పొంగినప్పుడు సుడులు, తీసినప్పుడు బురద. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే తొమ్మిది రోజులు పడుతుంది, జ్వరం అన్ని రోజులు ఆగేది కాదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒక పాత రాతి గోడ మాత్రం ఉంది. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. మూరెడు వెడల్పు. పొద్దున్నే నీళ్ళలోంచి తేలుతుంది, మధ్యాహ్నానికి మునుగుతుంది. నడిచి వెళ్ళేవాడు సగం దూరం పోయేసరికి నీళ్ళు గొంతుదాకా వస్తాయి. రెండు చక్రాల సైకిలు ఆ గోడ మలుపుల్లో ఒదగదు. మిగిలింది ఒక్క చక్రం మీదే సీటు పెట్టి తొక్కే ఒంటిచక్రం.

ఇనుప రిమ్ముల ఒంటిచక్రాల మీద అప్పటికే ఇద్దరు వెళ్ళారు. ఒంటిచక్రం మీద కాసేపు ఊరికే కూర్చుందామంటే కుదరదు. పెడళ్ళు ఇరుసుకే బిగించి ఉంటాయి. కాలు ఆగితే చక్రం ఆగుతుంది, చక్రం ఆగితే మనిషి పడతాడు. ఆ బరువు తొక్కలేక ఇద్దరూ సరస్సు మధ్యలోనే ఆగిపోయారు. వాళ్ళని వెతకడానికి కూడా ఎవరూ వెళ్ళలేకపోయారు.

అప్పుడు ఊరిపెద్ద చక్రాల మేస్త్రిని పిలిపించాడు.

"తేలికైన చక్రం చెయ్యగలవా?"

"చెయ్యగలను. పెద్దది చేస్తాను, నడుం ఎత్తున. ఒక్క తొక్కుకి తొమ్మిది అడుగులు పోతుంది. రిమ్ము ఇనుముతో కాదు, కార్బన్‌తో చేస్తాను."

"తొక్కేదెవరు?"

"మా అమ్మాయి. ఊళ్ళో దానంత తేలికైనవాళ్ళు లేరు, దానంత బాగా తొక్కేవాళ్ళూ లేరు."

ఊరిపెద్ద తల ఊపాడు. ఆ అమ్మాయిని అడగాలని అక్కడ ఎవరికీ తోచలేదు. అడిగి ఉంటే సరేననే అనేది, అది వేరే సంగతి.

మేస్త్రి పని మొదలుపెట్టాడు. వెంట్రుక కన్నా సన్నని నల్లటి కార్బన్ దారాలు తెచ్చి, అచ్చులో పొర మీద పొర పరిచాడు. ఒక పొర నిలువుగా, ఒక పొర ఏటవాలుగా. జిగురు పట్టించి, అచ్చు బిగించి, సన్నని సెగ మీద కాల్చాడు. మొదటి రిమ్ములో గాలి బుడగలు వచ్చాయి. రెండోది అచ్చులోంచి తీస్తుంటే చీలింది. మూడోది కుదిరింది. కూతురు దాన్ని చిటికెన వేలికి తగిలించుకుని ఇంట్లో తిరిగింది. తండ్రి మొహం ఆ పూట వెలిగిపోయింది.

స్పోకులు ఎక్కిస్తూ ఆయన కూతురితో చెప్పేవాడు. "ఇనుముది ఏడుపుగొట్టు బుద్ధమ్మా. ఇంత రాయి తగిలితే చాలు, వంకరపోతుంది. నాకు దెబ్బ తగిలిందని ఊరంతా తెలిసేలా ఊగుతుంది. ఇది అలాంటిది కాదు. ఎంత దెబ్బ తగిలినా పైకి చెప్పదు. తిన్నగానే తిరుగుతుంది."

"మంచిదే కదా నాన్నా."

"మంచిదే. కానీ చెప్పనిదాన్ని మనమే కనిపెట్టుకుని ఉండాలి. లోపల పొర విడిపోయినా పైకి తెలియదు. అందుకే రోజూ తట్టి వినాలి."

అని ఆయన ఒక నాణెం తీసుకుని రిమ్ము చుట్టూ వేలెడంత దూరానికొకసారి తట్టేవాడు. బాగున్నచోట ఖంగుమంటుంది. లోపల విరిగినచోట మొద్దుగా పలుకుతుంది. ఆయన చెవి అంతటి చెవి, అందులో సందేహం లేదు. కూతురు పక్కన కూర్చుని వినేది. దెబ్బ తగిలినా పైకి చెప్పనిదంటే నాన్నకి ఎంత ఇష్టమో ఆ పిల్లకి అర్థమైంది. మిగతా సగం ఆమెకి అర్థమైందో లేదో నాకు తెలియదు.

ప్రయాణానికి ముందురోజు గోడ మీద సాధన చేశారు. ఒడ్డు దగ్గర గోడ తడారి ఉంది. అమ్మాయి ఎక్కింది. ఆ ఎత్తు మీద పిల్ల చక్కగా కూర్చుని పోతుంటే జ్వరం లేని జనమంతా వచ్చి చూశారు. మూడో మలుపు దగ్గర నాచు ఉంది. చక్రం జారింది.

అమ్మాయి పక్కకి పడింది. గోడ అంచు రాయి ఆమె ఎడమ డొక్కలో దిగబడింది. చక్రం ఎగిరి రాతికి కొట్టుకుని నీళ్ళవైపు దొర్లింది. మేస్త్రి పరుగెత్తాడు. గోడ మూరెడే కదా, పక్కనుంచి పోవడానికి చోటు లేదు. కూతుర్ని దాటి దూకి, చక్రాన్ని నీళ్ళలో పడకుండా పట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

చక్రాన్ని ఎత్తి పట్టుకుని, తిప్పి చూసి, అప్పుడు వెనక్కి తిరిగాడు. కూతురు లేచి నిలబడి ఉంది.

"బాగానే ఉన్నావుగా," అన్నాడు.

"ఏం కాలేదు నాన్నా. రిమ్ముకి ఏమైనా అయిందా?"

"అదే చూడాలి," అంటూ ఆయన ఇంటివైపు నడిచాడు. ఆమె వెనకే నడిచింది. మామూలుగానే నడిచింది. ఎంత మామూలుగా నడిచిందంటే, తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం మేస్త్రి వసారాలో చక్రాన్ని పెట్టుకుని నాణెంతో తట్టడం మొదలుపెట్టాడు. భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిల్ల అన్నం ముట్టలేదయ్యా."

"రేపు ప్రయాణం కదా. భయం ఉంటుంది."

"ఎడమపక్కకి ఒత్తిగిలలేకపోతోంది. ఒకసారి వచ్చి చూడు."

"కాసేపు మాట్లాడకే. వినాలి."

ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన విన్నాడు. మొదటి చుట్టు, రెండో చుట్టు, అనుమానం తీరక మూడో చుట్టు. రాయి తగిలినచోట మరీ దగ్గర దగ్గరగా తట్టి, చెవి ఆనించి విన్నాడు. అంతటా ఖంగుమంది. ఆయన కళ్ళు చెమర్చాయి. లోపలికి వినపడేలా, "దీనికేం కాలేదమ్మా!" అని కేకేశాడు.

"సరే నాన్నా," అంది కూతురు లోపలినుంచి.

తెల్లారి గోడ తేలగానే ఆమె బయల్దేరింది. సీటు ఎక్కేటప్పుడు ఒకసారి ఆగింది. తల్లి ముందుకు రాబోయింది. అమ్మాయి తల అడ్డంగా ఊపి, పెడలు మీద కాలు వేసింది. మధ్యాహ్నం కాకుండానే అవతలి ఒడ్డున పొగ లేచింది. చేరిందన్న గుర్తు. ఊరు ఊరంతా ఒకరినొకరు కావలించుకుంది.

మర్నాడు గోడ మునగకముందే ఆమె తిరిగి వచ్చింది. చక్రం దారం పట్టినట్టు తిన్నగా తిరుగుతూ వచ్చింది. ఆమె కుడి భుజానికి ఒక సంచి ఉంది. మందు రెండు సంచులు కట్టి ఇచ్చారట. రెండోది మొయ్యలేక అక్కడే వదిలేసి వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం జనంలో ఒకరిద్దరు, అంత తేలికైన చక్రం ఇస్తే ఒక్క సంచేనా తెచ్చేది అని గొణిగారు.

ఒడ్డు మీద కాలు పెట్టి, సంచి ఊరిపెద్ద చేతికిచ్చి, ఆమె నేల మీద కూర్చుంది. పెదవులు సున్నంలా ఉన్నాయి. "దాహంగా ఉంది," అంది. తల్లి నీళ్ళు తెచ్చేసరికి ఒరిగిపోయింది. ఆ తర్వాత లేవలేదు.

జనం చక్రాన్ని చేతుల మీద ఎత్తుకున్నారు. ఊరిపెద్ద మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి నిజమైన దుఃఖంతో అన్నాడు. "ధైర్యం తెచ్చుకో మేస్త్రీ. చూడు, రిమ్ము మీద గీత కూడా పడలేదు."

ఇంట్లో, ఊళ్ళో వైద్యం చేసే ముసలామె అమ్మాయికి స్నానం చేయించడానికి బట్టలు తీసింది. ఎడమ డొక్క నుంచి తుంటిదాకా నల్లగా కమిలి ఉంది. పొట్ట రాయిలా బిగుసుకుని ఉంది. ఆమె మేస్త్రిని లోపలికి పిలిచింది.

"ఇది ఈరోజు దెబ్బ కాదు. ఎప్పటిది?"

"మొన్నటిది. మూడో మలుపు దగ్గర, చక్రం జారినప్పుడు."

"రెండు రోజులు లోపల రక్తం కారింది. ఆ పూటే పడుకోబెట్టి కదలనివ్వకుండా ఉంటే దక్కేదేమో. పడినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"పక్కనే ఉన్నాను."

"పక్కనే ఉండి ఏం చూశావయ్యా?"

"చక్రాన్ని చూశానమ్మా," అన్నాడు.

భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన వైపు చూడలేదు.

బయట జనం పిలుస్తున్నారు. ఒక సంచి మందు సగం ఊరికే సరిపోయింది. మిగతా సగం ఊరు మంచాల మీద ఉంది. రేపు పొద్దున గోడ తేలగానే ఇంకొకరు వెళ్ళాలి. తొక్కడం వచ్చినవాళ్ళు ఏడుగురు వచ్చి వాకిట్లో వరసగా నిలబడ్డారు. అందరూ మంచివాళ్ళే. ప్రాణాలకి తెగించి వచ్చినవాళ్ళే. చక్రాన్ని గోడకి ఆనించి, ఎవరు ఎక్కాలో నువ్వే చెప్పు అన్నారు.

మేస్త్రి చక్రం దగ్గరికి వెళ్ళలేదు. మొదటివాడి ముందు నిలబడ్డాడు.

"నీకెక్కడ నొప్పిగా ఉంది?"

వాడు బిత్తరపోయాడు. "నాకా? ఎక్కడా లేదు మేస్త్రీ."

"నువ్వొద్దు. ఇంటికి పో."

రెండో ఆవిడని అడిగాడు. ఆమె రాత్రంతా జ్వరం పిల్లల దగ్గర కూర్చుని వచ్చింది, నిలబడే తూలుతోంది. "నాకేం? బాగానే ఉన్నాను," అంది. ఆమెనీ పొమ్మన్నాడు. మూడోవాడు కుంటుతున్నాడు. పుట్టుకతోనే అంతే, నొప్పేం లేదన్నాడు. అది అబద్ధమని వరసలో అందరికీ తెలుసు. అలా ఏడుగురినీ అడిగాడు. ఏడుగురూ అదే చెప్పారు. కష్టం పైకి చెప్పుకోని మనుషులని ఆ ఊరికి చుట్టుపక్కల మంచి పేరు మరి.

"పిచ్చిపట్టిందా నీకు?" అన్నాడు ఊరిపెద్ద. ఆయన మనవరాలు మంచం మీద ఉంది, ఆ మాట మాత్రం ఆయన చెప్పలేదు. "ఎవరో ఒకరు ఎక్కకపోతే రేపటికి ఎంతమంది పోతారో తెలుసా?"

మేస్త్రికి తెలుసు. అయినా ఎనిమిదో మనిషి కోసం చూశాడు. వాకిట్లో ఇంకెవరూ లేరు.

అప్పుడు భార్య బయటికి వచ్చింది. కూతురి స్నానానికి నీళ్ళు చాలలేదు. చంకలో బిందె ఉంది. నూతివైపు వెళ్తున్న ఆమెకి ఆయన అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"నీకెక్కడ నొప్పిగా ఉందే?"

ఆమె ఆయన్ని నెమ్మదిగా, తెలియని ఊరివాణ్ణి చూసినట్టు చూసింది.

"నాకేం లేదు," అంది. ఆయన్ని తప్పుకుని నూతి దగ్గరికి నడిచింది.