రాజుగారు దయచేసిన కార్త్ బ్లాంష్

సముద్రపుటొడ్డున మకరపురి అనే ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు వీరకేసరికి కొత్త మాటలంటే మహా మోజు. ఓడ మీద వచ్చిన ఫ్రెంచి వర్తకుడొకడు కొలువులో మాటవరసకు "కార్త్ బ్లాంష్" అన్నాడు.

"అంటే?" అన్నాడు రాజు.

"కార్త్ అంటే కాగితం, బ్లాంష్ అంటే తెల్లనిది, ప్రభూ. కింద సంతకం మాత్రం చేసి, నమ్మినవాడి చేతికి తెల్లకాగితం ఇస్తారు. పైన అతడేం రాసుకుంటే అదే చెల్లుతుంది. అందుకే పూర్తి అధికారం ఇవ్వడాన్ని మా వాళ్లు ఆ మాటతో చెబుతారు."

రాజు మురిసిపోయాడు. ఆ వారంలోనే జాలారిపేట ఆడవాళ్లు వచ్చి, బావులన్నీ ఉప్పునీళ్లయిపోయాయని, మంచినీళ్లకు రెండు కోసులు నడుస్తున్నామని మొరపెట్టుకున్నారు. రాజు తన మంత్రి కొమ్మనను పిలిచాడు.

"ఏటి నుంచి కాలువ తవ్వించు. ఇదిగో, నీకు కార్త్ బ్లాంష్!" అని ముద్ర వేసిన తెల్లకాగితం ఇచ్చాడు.

మర్నాడే కబురొచ్చింది, ఆ కాగితం ఒకసారి పట్టుకు రమ్మని. రాజు దాని మీద "మా మల్లెతోట జోలికి పోరాదు" అని రాశాడు. నాలుగో రోజున "ఏనుగులసాలకు పలుగు చప్పుడు వినపడరాదు" అన్నాడు. ఆ తరువాత "ఎండల్లో తవ్వరాదు". దాని కిందే "వానల్లో తవ్వరాదు". నెల తిరిగేసరికి అంచుల్లో కూడా చోటు మిగల్లేదు.

"కాలువ ఎందాకా వచ్చింది బాబూ?" అని జాలారిపేట ముసలమ్మ పోలమ్మ అడిగింది.

"కాగితం అంచుదాకా వచ్చిందమ్మా" అన్నాడు కొమ్మన, తల దించుకుని.

ఇంతలో ఫ్రెంచి వర్తకుడు మళ్లీ వచ్చాడు. రాజు నిండు కొలువులో మీసం దువ్వి, "మా మంత్రికి కార్త్ బ్లాంష్ ఇచ్చాం, తెలుసా!" అన్నాడు.

కొమ్మన ఆ కాగితం తీసి వర్తకుడి చేతిలో పెట్టాడు. అతడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దొరగారూ, మీ భాషలో నలుపును ఏమంటారు?" అన్నాడు కొమ్మన.

"నువార్."

"అయితే ప్రభూ, తమరు నాకు దయచేసింది కార్త్ నువార్!"

రాజు ముఖం ఎర్రబడింది. కాగితం లాక్కుని చదవసాగాడు.

"ఎండల్లో తవ్వరాదు... వానల్లో తవ్వరాదు... మరెప్పుడు తవ్వాలయ్యా?"

"జాలారిపేట వాళ్లూ అదే అడుగుతున్నారు, ప్రభూ."

రాజు ఫక్కున నవ్వాడు. కొలువూ నవ్వింది. వెంటనే మరో తెల్లకాగితం తెప్పించి, ముద్ర వేసి అందించాడు. కలం మాత్రం ఆయన వేళ్ల మధ్యే ఉండిపోయింది.

కొమ్మన కదల్లేదు. చెయ్యి చాచి, "ఆ కలం కూడా, ప్రభూ" అన్నాడు.

రాజు కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, కలమూ ఇచ్చాడు, భుజం మీది జరీ శాలువా తీసి కప్పాడు. ఆ వేసవికి ముందే ఏటినీళ్లు మల్లెతోట నడిమధ్యగా పారి జాలారిపేట చేరాయి.