పన్నెండు మోపుల కొలువు

అడవి అంచున ఏటి ఒడ్డున చింతలరేవు అని జంతువుల పల్లె ఒకటుండేది. ఆ పల్లెలో గురవయ్య అనే ఎలుగుబంటి దుంపలూ తేనెపట్టులూ పోగుచేసి సంతకు పంపే వ్యాపారి. ఆ సరుకు మోసేవాడు పైడయ్య అనే గాడిద. జీతం రోజుకు నాలుగు మోపుల గడ్డి. పదేళ్లుగా మోస్తున్నాడు కాబట్టి, తాను ఒక్కరోజు పడుకుంటే గురవయ్య వ్యాపారం మూతపడుతుందని పైడయ్యకు గట్టి నమ్మకం.

ఒక సోమవారం గురవయ్య ఓ బండినీ, దాన్ని లాగడానికి ఒక జత ఎడ్లనూ కుదుర్చుకున్నాడు. పైడయ్య వారమంతా మోసే సరుకును ఆ బండి ఒక్క పూటలో సంతలో దింపేసింది. దింపడమే కాదు, ఎడ్లు దారిపొడుగునా గంటలు కూడా మోగించుకుంటూ వచ్చాయి. పైడయ్యను బాధపెట్టింది ముఖ్యంగా ఆ గంటలే.

“నిన్ను పొమ్మనను పైడయ్యా,” అన్నాడు గురవయ్య, తేనె అంటిన గోళ్లు నాక్కుంటూ. “వారానికి రెండు రోజులు రా. బండి పట్టని సందుల్లో ఏదో ఒక పని ఉంటుంది.”

రెండు రోజుల గడ్డితో వారం గడవాలి. ఇంట్లో భార్య ఎరుకమ్మ నిండు చూలుతో ఉంది. చలి ముదిరేలోపు పిల్ల పుడుతుంది. పిల్లకు పాలు పడాలంటే తల్లి కడుపు నిండాలి. అందుకని పైడయ్య తన వాటా గడ్డి కూడా ఆమె ముందుకు తోసి, ఆకలిగా లేదని చెప్పడం మొదలుపెట్టాడు. నోటితో ఎంత చెప్పినా పక్కటెముకలు నిజం చెప్పేస్తున్నాయి. పుట్టబోయే పిల్లను తలుచుకుంటే అతనికి నిజంగానే భయం వేసేది.

సరిగ్గా అప్పుడు ఊళ్లోకి శేషగిరి వచ్చాడు. శేషగిరి నక్క. మెడలో రంగు రుమాలు, నోట్లో పట్నం మాటలు. పల్లెల్లో పనివాళ్లను కుదిర్చి పట్నానికి పంపడం అతని వృత్తి.

“పైడన్నా, నీలాంటి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు ఈ రేవులో పడి ఉండటమేమిటి?” అన్నాడు వస్తూనే. “పట్నం శివార్లలో అడవిపందుల ఇటుకబట్టీ ఉంది. బురద సంగతి వాళ్లకంటే ఎవరికి తెలుసు? మోసేవాళ్లు లేక విలవిల్లాడుతున్నారు. రోజుకు పన్నెండు మోపులు.”

పైడయ్య చెవులు రెండూ లేచి నిలబడ్డాయి. “పన్నెండా?”

“పన్నెండు.”

ఆ తర్వాత నక్క చెప్పిందేదీ పైడయ్యకు వినపడలేదు. ఊహలో అతను అప్పటికే బలిసి, మెడలో ఇత్తడి గంటతో ఊళ్లోకి తిరిగి వస్తున్నాడు. గురవయ్య ఎదురుపడితే చూడనట్టు ఎలా వెళ్లిపోవాలో మెడ అటు తిప్పి సాధన కూడా చేశాడు.

“మెడ పట్టేసిందేటి మావా?” అంది ఎరుకమ్మ. ఆమె అప్పటిదాకా గోడవారన పడుకుని నెమ్మదిగా గడ్డి నములుతూ అంతా వింటోంది. ఇప్పుడు నక్క వైపు తిరిగింది. “అక్కడ నీళ్లెలాగ బాబూ?”

“తొట్టి ఉంది వదినా. రోజుకో మోపు కట్టేస్తే తాగినంత. అంతే.”

“పడక?”

“రేకుల షెడ్డు. రోజుకు మూడు మోపులు. పట్నంలో నీడ ఊరికే రాదు కదా. అంతే.”

“దారిపక్క మేత?”

“దారిపక్క గోడలుంటాయి వదినా. మేయాలని అటూ ఇటూ తిరిగితే పట్టుకెళ్లి బందెలదొడ్డిలో పెడతారు. విడిపించుకోడానికి అయిదు మోపులు. మన పైడన్న బుద్ధిమంతుడు, ఎందుకు తిరుగుతాడు?”

“కాళ్ల కింద నేలేటి?”

“తారు రోడ్డు. అద్దంలా ఉంటుంది. గిట్టలు అరిగిపోకుండా నెలకోసారి నాడాలు కొట్టించుకోవాలి. అంతే.”

“వానాకాలం ఇటుకలెలాగ ఆరతాయి?”

నక్క రుమాలు సర్దుకున్నాడు. “వానాకాలం బట్టీ ఆపేస్తారు. నాలుగు నెలలు హాయిగా విశ్రాంతి.”

“విశ్రాంతికి గడ్డెడతారా?”

“వదిన భలే హాస్యమాడుతుంది,” అని నవ్వి, నక్క పైడయ్య వీపు తట్టాడు. పైడయ్య కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో అతనికి తెలియదు. అతని చెవుల్లో పన్నెండు తప్ప మరో అంకె లేదు.

నక్క పక్కింటికి వెళ్లాక ఎరుకమ్మ మొగుణ్ని దగ్గరికి పిలిచింది. “మావా, గురవయ్య నీకు రోజుకెన్ని మోపులిచ్చేవోడు?”

“నాలుగు. నీకు తెల్దా?”

“సంతకెళ్లొచ్చే దారిలో గట్ల మీద మేసేవోడివి కదా. అదెంతుంటాది?”

పైడయ్య ఆలోచించాడు. ఎవరూ ఇవ్వని గడ్డిని అతను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. “ఓ నాలుగు మోపులుంటాదేమో.”

“ఏటి నీళ్లు తాగేవోడివి. సింతచెట్టు కింద తొంగునేవోడివి. ఇయ్యన్నీ కలిపితే నీ జీతం నాలుగా?”

“అయితే మాత్రం, ఇప్పుడా పనే లేదు కదే.”

“నేదు. అందుకే ఎల్లొద్దనను. ఎక్కడికో సూసుకుని ఎల్దామంటన్నాను.”

గాడిదల్లో పాతకాలం నుంచి ఒక ఆచారం ఉంది. పిల్లనిచ్చేముందు వాళ్లు పెళ్లికొడుకు ముఖం చూడరు. నేరుగా వాళ్ల దొడ్లోకి వెళ్లి లద్దె చూస్తారు. ఇంట్లో ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో, నమలడానికి తీరిక ఉందో లేదో అంతా అందులో తెలిసిపోతుంది. దూరపు సంబంధమైతే మధ్యవర్తి లద్దె తెచ్చి చూపిస్తాడు, అతనే ఆ సంబంధానికి జామీను. తేడా వస్తే లోటు అతనే పూడ్చాలి.

సాయంత్రం నక్క మళ్లీ వచ్చాక ఎరుకమ్మ ఆ ఆచారాన్నే ముందుకు తెచ్చింది. “బట్టీలో పన్జేస్తన్న గాడిదల లద్దె కాస్త తెచ్చి సూపించు బాబూ. ఊళ్లో పది గాడిదలూ నీ ఎనక వొస్తాయి.”

పది అనగానే నక్క కళ్లు మెరిశాయి. “అంతేనా? నాలుగు రోజుల్లో తెస్తాను,” అని పట్నం దారి పట్టాడు.

మర్నాడే సంతలో ఓ మేకపోతు చాటింపు వేస్తోంది. కొండ మీద కొండముచ్చులు సీతాఫలాల తోట పెట్టాయి, కాయలు కిందికి మోసేవాళ్లు కావాలి, రోజుకు ఆరు మోపులు.

“ఆరా?” అన్నాడు పైడయ్య. “పన్నెండెక్కడ, ఆరెక్కడ? పైగా కోతుల కింద పనా?”

“ఎల్లి సూసిరా,” అంది ఎరుకమ్మ. “లద్దె సూసిరా. మాటలినొద్దు.”

పైడయ్య సణుక్కుంటూ కొండెక్కాడు. దారి పొడుగునా మోకాలెత్తు గడ్డి, కొలిచే నాథుడు లేడు. రాళ్ల మధ్య నుంచి ఊట. దారి ఎంత ఇరుకంటే బండి మాట దేవుడెరుగు, ఎదురొచ్చిన కుందేలుకే దారివ్వాల్సి వచ్చింది. అప్పటికే అక్కడ పనిచేస్తున్న రెండు గాడిదల లద్దె దారి మీదే కనపడింది. పచ్చగా, గుండ్రంగా, గట్టిగా ఉంది. పైడయ్య దాని ముందు కాసేపు గౌరవంగా నిలబడ్డాడు.

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. “లద్దె బాగుంది. సీతాఫలాలయ్యాక కుంకుళ్లు, ఆ తర్వాత సింతపండు, ఏడాదంతా పనే. కానీ ఆ కొండముచ్చులున్నాయే, నా వీపెక్కి సెవులు పట్టుకు లాగాయి. పిల్లలైతే తోకట్టుకుని ఊగాయి. నాకు సిగ్గేసింది.”

“సెవులు నీకు పొడుగే. కాస్త లాగితే అరగవు,” అంది ఎరుకమ్మ. ఆ మాట అని కూడా, అతని చెవి వెనక ఎర్రబడిన చోట మెల్లగా నాకింది.

నాలుగో రోజు నక్క వచ్చాడు. ఊళ్లో పెద్ద కోటయ్య అనే ముసలి దున్నపోతు. ఆయన తీర్పులన్నీ బురదగుంటలో మెడదాకా మునిగి చెప్పేవే. గాడిదలన్నీ గుంట చుట్టూ చేరాక నక్క మోదుగాకు పొట్లం విప్పాడు.

అందరూ ముందుకు వంగారు. లద్దె నున్నగా, నిగనిగలాడుతూ, ఘుమఘుమ అనదగ్గంత దర్జాగా ఉంది. పైడయ్యకు కొండా గుర్తులేదు, ఊటా గుర్తులేదు. మళ్లీ మెడలో గంట మోగింది. “ఎంత పుష్టిగా ఉన్నాదో సూడే,” అన్నాడు గద్గదంగా.

ఎరుకమ్మ గిట్టతో దాన్ని చిదిపి చూసింది. “ఉలవపొట్టు,” అంది.

“ఉలవలే వదినా,” అన్నాడు నక్క వెంటనే. అందులో ఏముందో అతను చూడలేదు. మాంసం తినేవాడు ఇలాంటివి చిదిపి చూడాలనుకోడు. “పన్నెండు మోపుల మీద అదనంగా పెడతారు. చెప్పడం మర్చిపోయాను.”

“రోజూనా?”

“రోజూ.”

ఎరుకమ్మ ఇంకాస్త చిదిపింది. “ఇయ్యి బంతిపూల రేకులు.”

“అవును. అక్కడ మర్యాదలు ఎక్కువ. మెడలో దండ వేస్తారు.”

“రోజూనా?”

“...రోజూ.”

“ఇన్నారా కోటయ్య మావా?” అంది ఎరుకమ్మ గుంట వైపు తిరిగి.

కోటయ్య ముక్కు నీళ్లమీదికి ఎత్తాడు. “విన్నాను. లద్దె తెచ్చినవాడు జామీను. పది గాడిదలకూ తలా ఒక సోలెడు ఉలవలు, ఒక బంతిపూల దండ, ప్రతిరోజూ. బట్టీవాళ్లు ఇవ్వని రోజు శేషగిరి ఇస్తాడు. ఒప్పుకున్నట్టు తోక నేలకేసి కొట్టు.”

“పది సోలలా?” అన్నాడు నక్క.

“వాళ్లెలాగూ ఇస్తారన్నావుగా. నీకెందుకు కంగారు?”

నక్క తోక నేలదాకా వెళ్లి ఆగింది. ఒకసారి పైకి లేచింది. మళ్లీ దిగింది. గాడిదలన్నీ ఆ తోకనే చూస్తున్నాయి. చివరికి నక్క దాన్ని కాళ్ల మధ్య దాచుకున్నాడు.

“అది బట్టీ గాడిదది కాదు,” అన్నాడు. “పెళ్లి ఊరేగింపు గుర్రానిది. మెడలో దండ తినేసినట్టుంది, వెధవ గుర్రం.”

“మరి బట్టీ గాడిదది తేలేదేం?”

“తెస్తే మీరెవరూ రారు. గోడల మీద అంటించిన కాగితాలు తప్ప అందులో ఏమీ లేదు. నీళ్లకీ నీడకీ నాడాలకీ పోగా మిగిలింది సగమే. దాన్నీ వాళ్లు తినరు. వానాకాలానికని దాచుకుని గోడలు నాకుతున్నారు.”

పైడయ్యకు తల కొట్టేసినట్టయింది. బలిసి గంట మోగించుకుంటూ రావాలనుకున్నవాడు, ఆ చోట భార్యనూ పుట్టబోయే పిల్లనూ గోడల పక్కన నిలబెట్టేవాడే.

“కొండ మీద పనుందని నీకు తెల్దా?” అని అడిగింది ఎరుకమ్మ.

“తెలుసు,” అన్నాడు నక్క. “ఆ కొండముచ్చులు నాకేమిస్తాయి? రెండు సీతాఫలాలు. పందులైతే పది గాడిదలను తెమ్మని ముందే రెండు కోళ్లిచ్చాయి.”

“ఆ కోళ్లేవి?”

నక్క మూతి తుడుచుకున్నాడు.

మూడో రోజుకు పైడయ్యా ఎరుకమ్మా కొండెక్కారు. అక్కడంతా హాయిగా ఉందని చెప్పలేను. చలి ఎక్కువ. కొండముచ్చుల పిల్లలు రోజూ తోక పట్టుకుని ఊగేవి. ఆరు మోపులంటే ఆరు మోపులే, ఏడోది అడిగితే యజమానులు చెట్టెక్కేసేవి. కానీ ఆ ఆరూ ఇంట్లోనే ఉండేవి, వాటి జోలికి వెళ్లకుండానే కొండంతా మేత. చలి ముదిరే వేళకు పొడుగు చెవులతో ఆడపిల్ల పుట్టింది, పాలకు కరువు రాలేదు. కొండముచ్చులు ఆ చెవులు చూసి మురిసిపోతుంటే పైడయ్య పిల్లకు అడ్డంగా నిలబడి, తన చెవులే ముందుకు చాచేవాడు.

ఆ చలికాలంలోనే ఓరోజు సీతాఫలాల బుట్టలతో సంతకు దిగిన పైడయ్యకు ఎదురుగా ఎర్రటి దుమ్ము కొట్టుకుపోయిన ప్రాణి ఒకటి కనపడింది. వీపు మీద ఇటుకలు, నాలుగు కాళ్లకూ నాడాలు. రుమాలును బట్టి గుర్తుపట్టాడు. గాడిదలు దొరక్కపోయేసరికి, తిన్న కోళ్లకు బదులు పందులు శేషగిరినే మోతకు పెట్టుకున్నాయి.

“ఏం శేషగిరీ, జీతమెంతిస్తన్నారు?” అని అడిగాడు పైడయ్య.

నక్కకు ఆ స్థితిలో కూడా గొప్ప పోలేదు. ఇటుకల కిందనుంచే తల ఎత్తాడు. “పన్నెండు మోపులు.”

“గడ్డేనా?”

నక్క కళ్లు దించుకున్నాడు. “గడ్డే.”

పైడయ్య నవ్వలేదు. నవ్వుదామనుకున్నాడు గానీ, నక్క పక్కటెముకలు చూశాక నవ్వు రాలేదు. బుట్టలోంచి రెండు సీతాఫలాలు తీసి అతని ముందు పెట్టి, పొద్దు పోతోందని కొండదారి పట్టాడు.

కొత్తచోటికి కదిలేవాళ్లు ఎంత ఇస్తారని ఒకసారి అడిగితే చాలు, అందులో మన కడుపులోకి ఎంత పోతుందని మాత్రం రెండుసార్లు అడగాలి.