ఆదెమ్మని తిననీయండి

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతితోనే బడి మానేశాను. ఇది మా పై వాటాలో ఉండే హైమ చెప్పిన సంగతి. నాకు అర్థమైనంతలో చెబుతాను.

ఒంగోల్లో హైమ ఏళ్ళ తరబడి పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసింది. ఆ పనిలో ఒకటే సూత్రం. ఎక్కడా ఒక్క క్షణం ఖాళీ ఉండకూడదు. తలంబ్రాలకి పాట, వడ్డనకి పాట, ఎవరూ ఏమీ మాట్లాడకపోతే తెర నిండా గులాబీ పూల బొమ్మలు. లేదంటే పెళ్ళివారు, "ఇక్కడ బోసిగా ఉందేందమ్మా?" అని తిప్పి పంపేవాళ్ళు.

ఆ పని మొహం మొత్తి, డాక్యుమెంటరీలు తీసే మస్తాన్‌వలి మాస్టారి దగ్గర చేరింది. ఉప్పు మడుల్లో పనిచేసే ఆదెమ్మ మీద తన మొదటి చిత్రం తీసింది. మాస్టారు సరేనంటేనే ఫిలిం క్లబ్బు వాళ్ళు ఆదివారం దాన్ని వేస్తారు. లేకపోతే మళ్ళీ గులాబీ పూలే గతి.

మాస్టారు చూశారు. "ఊహూఁ," అన్నారు.

మార్చి తెచ్చింది. మళ్ళీ "ఊహూఁ".

ఈసారి తన గొంతుతో వ్యాఖ్యానం ఇంకాస్త వివరంగా చేర్చి తెచ్చింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "ఊహూఁ," అన్నారు.

హైమకి ఒళ్ళు మండింది. "ఏం తక్కువైందో చెప్పండి మాస్టారూ. చెబితే నోట్లోంచి ముత్యాలేం రాలవు గదా."

"ముందు అన్నం తినమ్మాయ్."

విసురుగా క్యారేజీ విప్పింది. ఎదురుగా కూర్చున్న మాస్టారు గొంతు సవరించుకుని, అచ్చం హైమ వ్యాఖ్యానంలాగే బరువుగా మొదలెట్టారు.

"హైమ మూత తీసింది. లోపల దోసకాయ పప్పు. కష్టాల్లోనూ ఆమెని విడవని పప్పు."

హైమ తలెత్తి చూసింది.

"ఆమె ముద్ద కలుపుతోంది. ఆ వేళ్ళ నిండా కోపం. అయినా ఆకలి ఆగదు. ఇదే ఆమె జీవితం."

"ఏం వేళాకోళం మాస్టారూ ఇది?"

"హైమకి కోపమొచ్చింది. ఆ కోపం వెనక ఒక కథ ఉంది."

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "మీకు దణ్ణం పెడతాను. కాస్త నన్ను తిననీయండి."

మాస్టారు మామూలు గొంతులోకి వచ్చారు. "ఆదెమ్మ కూడా పాపం అదే అంటోంది."



మర్నాడు పొద్దున్నే హైమ ఎవరూ రాకముందే వచ్చి ఎడిటింగ్ గది తెరిచింది. చిత్రంలోంచి తన గొంతు మొత్తం తీసేసింది. ఆదెమ్మ గట్టు మీద కూర్చుని అన్నం తినే చోటు పెట్టుకుంది. వాన పడితే ఉప్పు కరిగిపోతుందనీ, ఆదెమ్మ గుండె చెరువైపోతుందనీ ఇదివరకు అక్కడ తనే చెబుతూ ఉండేది. ఇప్పుడు ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

ఆదెమ్మ తింటోంది. తింటూ తింటూ మబ్బు పట్టిన ఆకాశం వంక చూసింది. కలిపిన ముద్ద గిన్నెలో వదిలేసింది.

అప్పుడు వినబడింది. చుట్టుపక్కల మడుల్లో ఉప్పు లాగే చెక్కల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోతోంది.

తీసింది తనే. ఎన్నిసార్లు చూసుకుందో. ఆ ఆగిపోవడం మాత్రం ఎన్నడూ వినలేదు.

హైమ వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టుకుంది.