పల్లవులతోనే మొదలు

అడిగిన ప్రశ్నకు ఔననో కాదనో తేల్చి చెప్పే అలవాటు విశ్వంభరం మాస్టారికి లేదు. ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

ఆయన దగ్గర చదువుకుని ఎమ్మే ప్యాసైన పైడమ్మకు బెజవాడ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం మొదటి క్లాసు. ఆమెది విజయనగరం పక్కన పల్లె. ఉత్తర్వు అందినప్పటి నుంచీ అద్దం ముందు నిలబడి బెజవాడ మాట సాధన చేస్తోంది.

"నాను నోరిప్పితే నవ్వుతారండి మాస్టారూ. ఈ యాస మార్సేసుకుని ఎల్లమంటారా, ఏటి సెయ్యమంటారు?" అని అడిగింది.

మాస్టారు ఆమెను కూర్చోమని, పరాంకుశం సంగతి చెప్పారు.

పరాంకుశానికి నత్తి. అందులోనూ ‘ప’ అక్షరం దగ్గర నోరు పూర్తిగా మొరాయించేది. చరిత్ర లెక్చరరుగా మొదటిరోజు క్లాసులో అడుగుపెట్టి, "నా పే... పేరు ప... ప..." అంటూ ఆగిపోయాడు. దవడ బిగుసుకుపోయింది. వెనక బెంచీ నుంచి ఎవడో "పకోడీ!" అని అందించాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. ఇక ఆ గంటంతా అతను ఏం చెప్పబోయినా ఏదో ఒక తినుబండారం పేరు ఎదురొచ్చింది. కాలిపోతున్న చెవులతో బయటికి వచ్చాడు.

ప్రిన్సిపాలు మంచివాడు. గదిలోకి పిలిచి కాఫీ తెప్పించాడు.

"మీ మొదటి పాఠమే పల్లవులాయె. వాళ్ళని వదిలేసి చోళులతో మొదలెట్టండి. మీ పేరు నేనొచ్చి చెబుతాను. మిగతాదంతా బోర్డు మీద రాసెయ్యండి. ఎందుకొచ్చిన గొడవ?"

పిల్లల ఎగతాళి కన్నా ఆ జాలే పరాంకుశాన్ని ఎక్కువ మండించింది. "ప... పల్లవులు లేకుండా చోళులు ఎక్కణ్ణించి వస్తారండీ?" అంటూ కాఫీ ముట్టకుండా లేచాడు.

మర్నాడు క్లాసుకు వెళ్ళి సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. "నిన్న చెప్పబోయింది మిగిలిపోయింది. ఇవాళ చెబుతాను. నా పే... పేరు ప..."

"పకోడీ!"

అతను ఆగాడు. నవ్వులు సద్దుమణిగేదాకా చేతులు కట్టుకుని నిలబడి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి "పెసరట్టు!" అన్నారు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. పీరియడంతా ఇదే వరస. చెమట కాలరు లోపలికి కారుతున్నా తుడుచుకోలేదు. గొంతు తగ్గించలేదు.

ముందు బెంచీలో ఒక అమ్మాయి చూడలేకపోయింది. లేచి, "పరాంకుశం గారు కదా సార్! నోటీసు బోర్డులో చూశాం. పాఠం చెప్పండి" అంది.

"కూర్చోమ్మా. అది నేను చెప్పుకోవాలి" అన్నాడు.

మాట కటువుగానే వచ్చింది. అమ్మాయి మొహం చిన్నబోయింది. వెనక బెంచీలకు మాత్రం ఇక ఏమని అరవాలో తోచలేదు. ఇంతలో గంట కొట్టారు. ఒకరిద్దరు పుస్తకాలు సర్దుకుని లేచారు. అతను గుమ్మం వైపైనా చూడలేదు.

"నా పే... పేరు ప... ప... పరాంకుశం" అని ముగించాడు. ఊపిరి తీసుకుని, "మన పా... పాఠం ప... పల్లవులు" అన్నాడు. లేచినవాళ్ళు నిలబడే విన్నారు.

ఆ ఏడాదంతా వెనక బెంచీలో ఎవడో ఒకడు నవ్వుతూనే ఉన్నాడట. పరాంకుశం ఎవరికోసమూ పాఠం ఆపలేదట, ఏ మాటనూ తప్పించుకుని పక్కదారిన పోలేదట.

 పైడమ్మ, "తరవాతైనా ఆ నత్తి పోనాదేటండి?" అని అడిగింది.

"పోలేదు" అన్నారు మాస్టారు. "ఆ కాలేజీ వదిలి అతనూ పోలేదు."